ట్రెడ్‌మిల్ సంగతి తర్వాత, ముందు లోన్ స్టేట్‌మెంట్ తీయండి

ప్రశ్న, కాస్త కుదించి: "మాది గాజువాక. మావారు సాఫ్ట్‌వేర్, 2020 మార్చి నుంచి ఇంటి నుంచే పని. ఇప్పుడు ఆఫీసువాళ్లు హైదరాబాద్ రమ్మంటున్నారు. సామాన్లు సర్దుతుంటే లాక్‌డౌన్‌లో కొన్నవన్నీ బయటపడుతున్నాయి, ఒక్కొక్కటి చూసి ఇద్దరం పోట్లాడుకుంటున్నాం. ట్రెడ్‌మిల్ 34 వేలు, డిష్‌వాషర్ 36 వేలు, కుర్చీ టేబుల్ 17 వేలు, బాబుకి కోడింగ్ క్లాసులు 66 వేలు, తర్వాత రెండో వేవ్‌లో ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ 62 వేలు, భోగాపురం వైపు 150 గజాల ప్లాటు. హెల్త్ ఇన్సూరెన్స్ కూడా 2020 ఆగస్టులోనే తీసుకున్నాం, ఒక్కసారి కూడా క్లెయిమ్ చేయలేదు కాబట్టి దండగ, ఆపేద్దాం అంటారు ఈయన. 2019 నవంబరులో తీసుకున్న 30 లక్షల హోమ్ లోన్ నడుస్తోంది, అప్పట్లో ఆరు నెలలు మారటోరియం పెట్టుకుని కంతులు కట్టడం ఆపుకున్నాం. ఏది అమ్మాలి, ఏది తీసుకెళ్లాలి, తప్పు ఎవరిది?"

మేడమ్, తప్పు ఎవరిదో చెప్పి మీ ఇంట్లో ఇంకో గొడవ పెట్టను. కానీ మీ ఉత్తరం రెండుసార్లు చదివాక ఒకటి గమనించాను. ధరలన్నీ వరుసగా రాసి, మారటోరియం సంగతి మాత్రం చివర్లో ఏదో గుర్తొచ్చినట్టు ఒక్క ముక్కలో తేల్చేశారు. నన్నడిగితే ప్లాటు మినహా మీరు ఆ లాక్‌డౌన్‌లో కొన్నవాటిలో అన్నిటికన్నా ఖరీదైంది అదే.

2020 మార్చి 27న రిజర్వ్ బ్యాంక్ మారటోరియం ప్రకటించింది, ముందు మూడు నెలలు, తర్వాత ఇంకో మూడు కలిపి ఆగస్టు 31 దాకా. ఉద్యోగాలు పోయినవాళ్ల కోసం, షాపులు మూతపడ్డవాళ్ల కోసం తెచ్చిన వెసులుబాటు అది. మీవారి జీతం ఒక్క నెల కూడా ఆగలేదని మీరే రాశారు. "ఎందుకైనా మంచిది, చేతిలో డబ్బులుంటాయి" అని పెట్టుకున్నారు, అప్పుడు చాలామంది చేసిన పనే. ఇప్పుడు లెక్క చూడండి. 30 లక్షలు, 20 ఏళ్లు, వడ్డీ 8 శాతం అనుకుంటే ఈఎంఐ సుమారు 25,100. ఆరు నెలలు కట్టకపోతే మీ చేతిలో మిగిలింది లక్షా యాభై వేలు. ఇప్పుడు మీ జాబితాలో మొదటి నాలుగూ కూడండి, ట్రెడ్‌మిల్, డిష్‌వాషర్, కుర్చీ టేబుల్, కోడింగ్ క్లాసులు: లక్షా యాభై మూడు వేలు. అంటే అవన్నీ ఏదో సేల్‌లో కొన్నామని మీరు అనుకుంటున్నారు గానీ, నిజానికి హోమ్ లోన్ మీద కొన్నారు.

ఆ ఆరు నెలల వడ్డీ మాఫీ అవలేదు, దాదాపు లక్షా ఇరవై రెండు వేలు వెళ్లి అసలులో కూర్చుంది. ఈఎంఐ పెంచకుండా అలాగే కట్టుకుంటూ పోతే, అప్పు తీసుకున్న కొత్తలో కాబట్టి, 240 కంతులకు బదులు 266 దాకా కట్టాల్సి వస్తుంది. ఇరవై ఆరు కంతులు, ఆరున్నర లక్షలు! 2040 తర్వాత కట్టే పాతిక వేలు ఈనాటి పాతిక వేలంత బరువుండదు, ఒప్పుకుంటాను. అయినా ఎక్కువే. వడ్డీ మీద వడ్డీని ప్రభుత్వం వెనక్కిచ్చింది కదా అంటారేమో, ఇచ్చింది, రెండు కోట్లలోపు అప్పులకు 2020 నవంబరులో ఖాతాల్లో వేశారు, మీ లోన్‌కి అది రెండు వేల చిల్లర ఉంటుంది, అంతే.

కాబట్టి ప్యాకర్స్ వాళ్లకు ఫోన్ చేసేముందు బ్యాంకు నుంచి లోన్ స్టేట్‌మెంట్ తెప్పించుకోండి. ఇంకా ఎన్ని కంతులు మిగిలాయి, ఇప్పుడు వడ్డీ రేటెంత, ఈ రెండూ చూడండి. మారటోరియం ఒక్కటే అయితే పర్వాలేదు, 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి మధ్య రెపో రేటు (రిజర్వ్ బ్యాంక్ బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ) 4 నుంచి 6.50 శాతానికి ఎక్కింది, అప్పుడు చాలా బ్యాంకులు ఈఎంఐ ముట్టుకోకుండా గడువు పొడిగించేశాయి, ఇంట్లో ఎవరికీ తెలియను కూడా తెలియదు. 2025లో రెపో మళ్లీ 5.25 దాకా దిగింది. మీరు తీసుకున్నది 2019 అక్టోబరు తర్వాత, బ్యాంకు ఫ్లోటింగ్ (వడ్డీ రేటు మారుతూ ఉండే) లోన్ కాబట్టి రేటు రెపోతో పాటే దిగి ఉండాలి, దిగిందో లేదో అడగండి. దిగితే "మీ ఈఎంఐ తగ్గిస్తాం" అంటే వద్దనండి, ఈఎంఐ అంతే ఉంచి గడువు తగ్గించమనండి. ఏడాదికోసారి బోనస్ వచ్చినప్పుడు ఒక కంతు అదనంగా కట్టండి, ఫ్లోటింగ్ రేటు హోమ్ లోన్ మీద ముందుగా కడితే పెనాల్టీ ఉండదు.

ఇక సామాన్లు. ట్రెడ్‌మిల్ అమ్మేయండి, అదీ వైజాగ్‌లోనే. బాల్కనీలో సముద్రపు గాలికి రోలర్ల దగ్గర తుప్పు పట్టిందన్నారు, దాన్ని లారీ ఎక్కించి హైదరాబాద్ తీసుకెళ్లే ఖర్చుకు అది తగదు. ఐదారు వేలు ఇచ్చేవాడు దొరికితే ఇచ్చేయండి, 34 వేలు పెట్టాం కదా అని బేరం సాగదీయకండి, ఆ 34 వేలు 2020లోనే పోయాయి. (నేనూ తక్కువేం తినలేదు. ఆ ఏప్రిల్‌లో పది కిలోల డంబెల్స్ జత బుక్ చేశాను, అవి జులైలో వచ్చాయి, అప్పటికి నా ఉత్సాహం చల్లారింది. ఇప్పుడు మా డాబా తలుపు గాలికి కొట్టుకోకుండా ఒకటి, మొక్కల దగ్గర గొట్టం జారకుండా ఒకటి కాపలా కాస్తున్నాయి.)

డిష్‌వాషర్ విషయంలో మీ అత్తగారు ఏమన్నా సరే, అది మంచి కొనుగోలే. రోజూ నడుపుతున్నారు కదా, ఐదేళ్లకు పైగా, అంటే పడింది రోజుకు ఇరవై రూపాయలలోపే, ఉప్పు, డిటర్జెంట్ కలిపినా పనమ్మాయి జీతం కన్నా తక్కువ. పోపు మాడిన మూకుడు ఎలాగూ చేత్తోనే తోముకోవాలనుకోండి, అది ఏ మెషీన్ వల్లా కాదు. హైదరాబాద్‌లో బోరు నీళ్ల అపార్ట్‌మెంట్ దొరికితే మాత్రం బిగించిన రోజే నీళ్ల కాఠిన్యం సెట్టింగ్ మార్చించండి, లేకపోతే గ్లాసుల మీద తెల్లటి పొర కడుతుంది. కుర్చీ, టేబుల్ గురించి ఆలోచించక్కర్లేదు, తీసుకెళ్లండి.

కోడింగ్ క్లాసులు బాబు మూడు నెలలకే మానేశాడు, వాయిదాలు మాత్రం పద్దెనిమిది నెలలూ కట్టారు. ఎందుకంటే మీరు సంతకం పెట్టింది క్లాసులు చెప్పేవాళ్లతో ఒకటి, అప్పిచ్చే ఫైనాన్స్ కంపెనీతో ఇంకొకటి. క్లాసువాళ్లకు డబ్బు మొదటి రోజే ముట్టింది, ఆ తర్వాత పిల్లాడు చదివినా మానినా అప్పు మీదే. ఎనిమిదేళ్ల పిల్లాడికి "కోడింగ్ రాకపోతే వెనకబడిపోతాడు" అని డెమో క్లాసులో తల్లిదండ్రులను భయపెట్టి అమ్మారు చూడండి, ఆ కాలంలో నాకు బాగా కోపం తెప్పించిన అమ్మకం అది. పోయింది రాదు. ఒక్క పని చేయండి, క్రెడిట్ రిపోర్ట్ తీయండి, ఏడాదికోసారి ఉచితంగా ఇస్తారు. ఆ లోన్ ఎదురుగా "క్లోజ్డ్" అని ఉందో లేదో చూడండి. కట్టేసినా రిపోర్టులో అలాగే వేలాడుతున్న ఇలాంటి చిన్న లోన్లు నేను చూశాను, రేపు హైదరాబాద్‌లో ఇల్లు కొందామనుకున్నప్పుడు అడ్డం పడతాయి.

కాన్సన్‌ట్రేటర్ ధర గురించి మీ ఇద్దరూ ఇక మాట్లాడుకోకండి. 2021 మేలో కొన్నారు, జూన్ మొదట్లో గానీ కేంద్రం దాని మార్జిన్‌కి 70 శాతం అని హద్దు పెట్టలేదు, అంటే అంతకుముందు ఎలా అమ్మి ఉంటారో ఊహించుకోండి. మీ మామగారికి పదకొండు రోజులు అది తోడుంది. దాన్ని ఈ లెక్కల్లో కలపను. అయితే మూలన పెట్టి ఉంచితే లోపలి జియోలైట్ గుళికలు తేమ పీల్చుకుని పాడవుతాయి, మీ ఊరి తేమకు ఇంకా తొందరగా. ఒకసారి సర్వీసువాళ్లతో ఆక్సిజన్ శాతం కొలిపించి, బాగుంటే ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్లకు ఇచ్చేయండి.

ప్లాటు మీరు వీడియోలో చూసి కొన్నారు, ఇప్పటిదాకా దాని మీద కాలు పెట్టలేదు! ఈసీ (ఆ స్థలం మీద ఇదివరకు జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం) తీయించండి, 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో) ఆ సర్వే నంబర్ లేదని చూసుకోండి, లేఅవుట్‌కి వీఎంఆర్‌డీఏ (విశాఖ ప్రాంత అభివృద్ధి సంస్థ) ఇచ్చిన ఎల్పీ (లేఅవుట్ అనుమతి) నంబర్, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబర్ ఉన్నాయో లేదో కాగితాల్లో వెతకండి. ఇల్లు మారేలోపు ఒక ఆదివారం వెళ్లి హద్దురాళ్లు ఉన్నాయో లేవో కళ్లతో చూసి, ఫొటోలు తీసుకుని రండి. అమ్మాలా ఉంచాలా అన్నది ఆ తర్వాత మాట.

ఇన్సూరెన్స్ మాత్రం దయచేసి ఆపకండి. మీవారు దండగ అంటున్నది, నా లెక్కలో మీరు లాక్‌డౌన్‌లో కొన్నవాటిలో అన్నిటికన్నా మంచిది. 2025 ఆగస్టుతో ఐదేళ్లు నిండాయి. 60 నెలలు ఆపకుండా కట్టిన పాలసీలో, మోసం రుజువైతే తప్ప, "మీరు ఫలానా విషయం దాచారు" అని క్లెయిమ్ తిరగ్గొట్టడానికి లేదు. వెయిటింగ్ పీరియడ్లు (కొన్ని జబ్బులకు క్లెయిమ్ ఇవ్వని మొదటి గడువులు) అన్నీ అయిపోయాయి. ఆయనకు 2022లో బీపీ తేలిందన్నారు, ఇప్పుడు ఆపేసి రేపు కొత్తగా తీసుకుంటే బీపీ రాయాలి, ప్రీమియం పెరగొచ్చు, మళ్లీ మూడేళ్ల దాకా ఎదురుచూడాల్సి రావచ్చు. ఆఫీసువాళ్ల పాలసీ ఆ ఉద్యోగం ఉన్నంత వరకే. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద 18 శాతం జీఎస్టీ కూడా తీసేశారు. చేయాల్సిందల్లా చిరునామా మార్పు రాసివ్వడం, కొన్ని కంపెనీల్లో ఊరిని బట్టి ప్రీమియం మారుతుంది, అది ముందే అడగండి.

ట్రెడ్‌మిల్‌కి వచ్చిన డబ్బులు హోమ్ లోన్‌లోనే వేయండి. స్టేట్‌మెంట్ వచ్చాక మిగిలిన కంతులెన్నో నాకు రాయండి, ఈఎంఐ ఎంత పెంచితే ఎన్ని తగ్గుతాయో లెక్కేసి పంపుతాను.