మొక్కలున్న నాలుగు అడుగుల అక్వేరియంను విశాఖ ఎంవీపీ కాలనీ నుంచి మధురవాడకు ఎలా మార్చాలి?

దూరం గురించి టెన్షన్ వద్దు, జాగ్రత్తంతా ఫిల్టర్ మీద పెట్టండి. చేపల వ్యర్థాల అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఎక్కువగా ఫిల్టర్‌లోని స్పాంజి, సిరామిక్ రింగుల మీదే బతుకుతుంది. దానికి తడీ, గాలీ రెండూ కావాలి. క్యానిస్టర్‌ను (ఫిల్టర్ డబ్బాను) నీళ్లతో అలాగే బిగించి ఎండలో వ్యాన్‌లో వదిలేస్తే లోపల ఆక్సిజన్ అయిపోయి బ్యాక్టీరియా చచ్చిపోతుంది. స్పాంజి, రింగులు బయటికి తీసి, ట్యాంకు నీళ్లే కాసిన్ని పోసిన బకెట్‌లో వదులుగా మూతపెట్టి తీసుకెళ్లండి. కుళాయి నీళ్లతో కడగొద్దు, క్లోరిన్ దాన్ని చంపేస్తుంది.

4×1.5×1.5 అడుగుల ట్యాంకులో నీళ్ల బరువే దాదాపు 250 కిలోలు. కొంచెం నీళ్లు ఉంచి ఎత్తుదామని కూలీలు అంటే ఒప్పుకోకండి. అడుగున తడి మట్టి ఉన్నా గాజు పలకల సిలికాన్ అతుకులు వదిలే ప్రమాదం ఉంది. మట్టి కదిపితే అమ్మోనియా పైకొస్తుంది కాబట్టి చేపల్ని ముందే తీసేయండి. ముందు రోజు మేత ఆపండి. వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువ, మన విశాఖ ఉక్కలో తెల్లవారుజామునే బయల్దేరడం మంచిది. దారిలో చేపలకు బ్యాటరీ ఎయిర్ పంపు తప్పనిసరి. మొక్కలు తడి న్యూస్‌పేపర్‌లో చుడితే చాలు.

అక్కడ బోరు నీళ్లయితే పాత నీళ్లు సగమైనా డ్రమ్ముల్లో పట్టుకెళ్లి, కొత్తవి కొద్దికొద్దిగా కలపండి. మొదటి వారం మేత సగానికి తగ్గించి, రోజూ అమ్మోనియా టెస్ట్ చేయండి.