దీవి గీయొద్దు, గుట్ట గీసి నీళ్లు పోయండి

కథ కోసం చేత్తో ఫాంటసీ మ్యాప్ గీస్తున్నానని, దీవులు మాత్రం ఎంత గీసినా ఉర్లగడ్డల్లా వస్తున్నాయని అడిగారు. నావి కూడా మూడేళ్ల పాటు ఉర్లగడ్డలే. అంచు వంకరగా ఉంటే సహజంగా కనిపిస్తుందనుకుని, చెయ్యి వణుకుతున్నవాడిలా చుట్టూ గీసేవాణ్ని. అప్పుడవి ఎలుక కొరికిన ఉర్లగడ్డలయ్యాయి.

నాకు దారి దొరికింది శ్రీశైలం డ్యాం వెనక నీళ్ల దగ్గర. మాది కర్నూలు, మా అవ్వ వాళ్లది ఆత్మకూరు. ఎండాకాలం సెలవుల్లో సంగమేశ్వరం పోయేవాళ్లం. ఆ గుడి ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్లలోనే ఉంటుంది, రిజర్వాయర్ బాగా తగ్గితేనే బయటపడుతుంది. ఒక ఏడు ఎండల్లో తిరిగిన చోటుకే వానలు అయిపోయాక మళ్లీ పోయాను. 885 అడుగుల పూర్తి మట్టానికి దగ్గరగా ఉన్నాయి నీళ్లు. నడిచి ఎక్కిన మిట్ట దీవి అయి కూర్చుంది. మేకలు పోయే సందు జలసంధి అయింది. వంకలు ఉన్నచోటల్లా నీళ్లు నేల లోపలికి దూరి ఉన్నాయి. ఆ అంచును ఎవరూ వంకర్లు తిప్పి గీయలేదు. ఎత్తుపల్లాలు ముందే ఉన్నాయి, నీళ్లు వచ్చి చూపించాయంతే.

నమ్మకం కుదరకపోతే సంగటి తినేటప్పుడు చూడండి. ముద్ద నున్నగా ఉంటే చుట్టూ పోసిన పులుసు గుండ్రంగా నిలుస్తుంది. అదే ఉర్లగడ్డ దీవి. ముద్ద మీద వేళ్లతో పైనుంచి కిందికి నాలుగు గాళ్లు పెట్టి మళ్లీ పోయండి. పులుసు గాళ్లలోకి ఎక్కుతుంది, మధ్యలో ముక్కులు పొడుచుకొస్తాయి. గాళ్లు ఏటి లోయలు, ముక్కులు కొండ కొసలు. (మా ఇంట్లో నేను ఇలా తింటుంటే తిట్లు పడ్డాయి, అది వేరే సంగతి.)

కాగితం మీద కూడా ఇంతే. ముందు సముద్రం సంగతే మరిచిపోండి. పెన్సిల్‌తో ఒక కొండ వరుస, దాని పక్క కొమ్మలు, వాటి మధ్య లోయలు గీసుకోండి. ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలుపుతూ నాలుగైదు గీతలు గీయండి. వాటిలో ఒకదాన్ని ఎంచుకుని ఇంకు పెట్టండి. అదే మీ తీరం. దాని కింది గీతల్లో అక్కడక్కడా పైకి లేచిన కొసలు ఉంటే అవే చిన్న దీవులు. అందుకే చిన్న దీవులు పెద్ద దీవి చుట్టూ చల్లినట్టు ఉండవు, కొండ వరుస ఏ దిక్కుకు దిగిందో ఆ దిక్కుకే బారుగా పోతాయి. కథకు ఇంకో లాభం ఉంది. నీళ్లు ముప్పై అడుగులు తగ్గితే ఏ దీవి దేనితో కలుస్తుందో మీకు ముందే తెలిసి ఉంటుంది.

ఏరు సముద్రంలో కలిసేచోట తీరం లోపలికి పోవాలి. బాగా ఒండ్రు తెచ్చే పెద్ద నది అయితే తిరగబడి బయటికి పొడుచుకొస్తుంది, కోనసీమ, దివిసీమల్లాగా. ఒకే ఏరు నడి దీవిలో రెండుగా చీలి రెండు సముద్రాల్లోకి పోయేలా గీయొద్దు. నేను గీశాను, సిగ్గుపడ్డాను. హంద్రీ తుంగభద్రలో కలుస్తుంది, తుంగభద్ర కృష్ణలో కలుస్తుంది. కిందికి పోయేకొద్దీ ఏర్లు కలుస్తూ పోతాయి. పాయలుగా చీలేది ఎక్కువగా డెల్టాలోనే.

అన్ని దీవులూ మునిగిన గుట్టలు కావు, ఆ మాటా చెప్పాలి. అండమాన్‌లోని బారెన్ ఐలాండ్ అగ్నిపర్వతం, దాదాపు గుండ్రంగానే ఉంటుంది. కాబట్టి గుండ్రని దీవి కావాలంటే నడుమ అగ్నిపర్వతం పెట్టి తప్పించుకోవచ్చు. హవాయి లాంటివి వరుసగా వస్తాయి, ఒక కొసన కొత్తవి ఎత్తుగా, రెండో కొసన పాతవి అరిగి చిన్నగా. లక్షద్వీప్ పగడపు దీవులు, పల్చగా ఉంటాయి. వాటి మీద కొండలూ నదులూ గీస్తే దొరికిపోతాం. గోదావరి లంకలు, కాకినాడ దగ్గరి హోప్ ఐలాండ్ ఒండ్రూ ఇసుకా పేరుకున్నవి, పొడుగ్గా సన్నగా గీయాలి.

ఇక అడవులు. నా మొదటి మ్యాప్‌లో దీవంతా చెట్లే. అనంతపురం స్నేహితుడొకడు చూసి, "ఏం బ్బా, కొండకు ఈ పక్కా ఆ పక్కా వాన నువ్వే పోసినావా?" అన్నాడు. వాడు అడగక ఇంకెవరు అడుగుతారు? నైరుతి గాలి తడినంతా పడమటి కనుమలు ముందే పిండేసుకుంటాయి, వాళ్ల జిల్లాకు ఏడాదికి 550 మిల్లీమీటర్ల చిల్లర దక్కుతుంది. అందుకే ఇప్పుడు ఏ మ్యాప్ మొదలుపెట్టినా మూలన గాలి బాణం వేస్తాను. బాణం తగిలే వైపు అడవి, ఏర్లు. కొండ వెనక ముళ్లకంపలు, ఎండిన వంకలు. అలలు కొట్టే తీరం బండలతో గరుకుగా, చాటు తీరం నున్నగా. ఓడరేవు ఎప్పుడూ చాటు వైపే, అదీ మంచినీళ్లున్న చోట.

ఇప్పుడు గీస్తున్న మ్యాప్‌లో ఒక గుడిని సముద్రంలో చుక్కల గీతతో వేశాను. చూసిన ప్రతివాడూ పొరపాటనుకుని చెరిపేయమంటున్నాడు.