క్యూజీఐఎస్‌లో చెయ్యి పెట్టబోయే మేనల్లుడికి

చి. చిన్నోడికి, మామయ్య ఆశీస్సులు.

మ్యాపులు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌కి కోడ్ రాస్తానని, త్రీడీ వ్యూ మొత్తం తిరగరాసేస్తానని పెట్టిన మెసేజీ చూశాను. కాస్త ఆగు. ముందు దాంతో ఒక్క మ్యాపైనా మొదట్నుంచీ చివరిదాకా చేశావా?

గ్యారీ షెర్మన్ 2002లో వదిలిన తొలి వెర్షను పోస్ట్‌జీఐఎస్ అనే డేటాబేస్‌లోని డేటా తప్ప ఇంకేమీ తెరిచేది కాదు. మ్యాపుని అటూ ఇటూ జరపడానికీ లేదు. 1.0 రావడానికి 2009 దాకా పట్టింది. నువ్వేమో సెమిస్టరు సెలవుల్లో అయిపోవాలంటావు!

నా సంగతి చెప్తా విను. ఓసారి 40 ఎకరాల చెరువు గీసి విస్తీర్ణం అడిగితే 0.0000137 అంది. బగ్గు దొరికిందని ఎగిరి గంతేసి రిపోర్టు రాశా. అవతలివాళ్లు ఓపిగ్గానే చెప్పారు: లేయరు అక్షాంశ రేఖాంశాల్లో ఉంది, నేను వాడిన ఫంక్షను లెక్క డిగ్రీల్లోనే కడుతుంది, ఇది బగ్గు కాదు అని. మీటర్లలో కొలిచే యూటీఎం పద్ధతిలో 44వ జోన్‌లోకి మార్చగానే లెక్క కుదిరింది. (అనంతపురం వైపు పని తగిలితే 43, మర్చిపోకు.)

ఇంకోసారి షేప్‌ఫైల్లో (మ్యాపు డేటా దాచే పాత ఫార్మాటులే) కాలమ్‌కి 'సర్వే నెంబరు' అని పేరు పెడితే సేవ్ చేశాక 'సర్' అని మిగిలింది. నాకేదో మర్యాద ఇస్తోందనుకున్నా. షేప్‌ఫైల్లో కాలమ్ పేరుకి పది బైట్లే చోటు. యూటీఎఫ్-8 అనే యూనికోడ్ పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకి మూడేసి బైట్లు. స, ర, పొల్లు, అంతే, సరి. తప్పు ఆ ఫార్మాటుది. జియోప్యాకేజీ అనే కొత్త ఫార్మాటులో పెట్టుకుంటే ఈ గోల లేదు.

అందుకే అంటున్నా, తప్పు నీదా, ఫైలుదా, సాఫ్ట్‌వేర్‌దా తేల్చుకోకుండా క్యూజీఐఎస్ లోపలి సీ ప్లస్ ప్లస్ కోడ్ జోలికెళ్లకు. సాఫ్ట్‌వేర్‌దే అని తేలితే నాలుగైదు పాలిగాన్లున్న చిన్న ఫైలు, వెర్షను నెంబరు, ఏ మెనూ తర్వాత ఏది నొక్కావో జతచెయ్యి. డేటా లేకుండా 'పని చెయ్యట్లేదు' అని రాస్తే ఎవరూ ఏమీ చెయ్యలేరు.

కోడే రాయాలని చెయ్యి దురదపెడితే పైథాన్ ప్లగిన్లు చూడు. క్యూజీఐఎస్ తెరలకి వాడే క్యూటీ లైబ్రరీ 5 నుంచి 6కి మారడంతో పాతవి చాలా దిద్దాలి. ఎలైన్‌లెఫ్ట్ అని పొట్టిగా రాసిన చోటల్లా ఎలైన్‌మెంట్‌ఫ్లాగ్ కలిపి పూర్తి పేరు రాయాలి. చాకిరీయే, కాదన్ను. కానీ అలా దిద్దుతూ పోతే పదిమంది రాసిన కోడ్ చదివేస్తావు.

పుల్ రిక్వెస్టు (నీ మార్పుని కలుపుకోమని అడగడం) ఒక్క విషయానికే పెట్టు, దానికో టెస్టు కూడా రాయి. రిలీజుకి ముందు ఫ్రీజ్ ఉంటుంది, అప్పుడు కొత్త ఫీచర్లు తీసుకోరు. అలిగి కూర్చోకు. రోజూ వాడే మెషీన్లో ఎల్‌టీఆర్ (ఎక్కువకాలం సపోర్టుండే వెర్షను) ఉంచుకుని, రోజూ రాత్రి తాజా కోడ్‌తో తయారయ్యే నైట్లీ బిల్డు పక్కన వేరే ఫోల్డర్లో పెట్టుకో.

దసరాకి వచ్చేటప్పుడు ల్యాప్‌టాప్ తెచ్చుకో. ఆ చెరువు ఫైలు ఇంకా నా దగ్గరే ఉంది.

మీ మామయ్య