పాటలో హాలీవుడ్, ఇంట్లో టెన్షన్

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. బాగా పాడతాడు. రోజంతా బ్రిటిష్ గాయకుడు రాబీ విలియమ్స్ ‘ఐ విల్ టాక్ అండ్ హాలీవుడ్ విల్ లిసన్’ వింటూ, ఇంజినీరింగ్ వద్దు, హీరో అవుతానంటున్నాడు. మూడు నెలల యాక్టింగ్ కోర్సు మంచిదా, డిగ్రీ మంచిదా?
- ఓ తండ్రి, వరంగల్

జవాబు: ముందు ఆ పాట మీరూ ఒకసారి వినండి సార్. 2001లో విలియమ్స్ పాతకాలపు స్వింగ్ (ఒక రకం జాజ్) పాటలతో చేసిన ఆల్బంలో కొత్తగా కట్టిన పాట అదొక్కటే. తను నోరు విప్పితే హాలీవుడ్ చేతులు కట్టుకుని వింటుందని కోతలు కోస్తాడు. స్టార్ కావాలన్న ఆశ నిజమే, ఆ ఆశ మీద వెటకారమూ నిజమే. అది పట్టుకోగలిగితే మీవాడు మీరనుకున్నంత అమాయకుడు కాదు. అప్పటికి విలియమ్స్ చేతిలో పదకొండేళ్ల పాట ఉంది. 1990లో, పదహారేళ్లకే టేక్ దట్ అనే పాప్ బృందంలో చేరాడు మరి. హాలీవుడ్ హీరో మాత్రం కాలేదు. 2024లో ఆయన జీవితం మీద సినిమా వస్తే, అందులో ఆయన కనిపించేది గ్రాఫిక్స్ కోతి రూపంలో!

మూడు నెలల కోర్సులంటే నాకు నమ్మకం లేదు. మొన్న ఒకమ్మ లక్ష పైనే కట్టి కొడుకు పోర్ట్‌ఫోలియో తెచ్చింది. ఇరవై ఫొటోలు, అన్నింట్లో అదే కళ్లజోడు, అదే ఓరచూపు. ఒక డైలాగ్ చెప్పు బాబూ అంటే ఫోన్‌లో వెతుక్కున్నాడు.

కోపం తెచ్చుకోకండి, తప్పులో మీకూ వాటా ఉంది. పెళ్లిళ్లలో మైకు చేతికిచ్చి ‘మావాడు హీరో’ అన్నది ఎవరు? పిల్లాడు దాన్ని నిజమనుకునేసరికి మీకు బీపీ పెరిగిందా?

పోలిక అడిగారు కదా. పుణెలోని ప్రభుత్వ సినిమా శిక్షణ సంస్థ ఎఫ్‌టీఐఐ యాక్టింగ్ కోర్సుకైనా, ఢిల్లీలోని జాతీయ నాటక పాఠశాల ఎన్‌ఎస్‌డీకైనా డిగ్రీ ఉండాలి. ఎన్‌ఎస్‌డీ అయితే నాటకాల్లో అనుభవం కూడా అడుగుతుంది. అంటే తొందరేమీ లేదు. పరీక్షలు రాయనివ్వండి. డిగ్రీ ఏదైనా సరే, నాటకాలు వేసే కాలేజీ చూడండి. ఈలోగా సంగీతం మాస్టారు దగ్గర చేర్పించండి, గొంతు ఎటూ పోదు. ఆ పాట ఆపమని మాత్రం అనకండి. ఇయర్‌ఫోన్స్ కొనివ్వండి, మీకూ కాస్త నిద్ర పడుతుంది.