బ్యారన్ పక్కన ఇల్లు, ఇంట్లో ఎర్ర తేళ్లు: ఏం చేయాలి?

ప్రశ్న: మా ఇంటికి ఆనుకునే పొగాకును వేడితో ఆరబెట్టే (క్యూరింగ్ చేసే) బ్యారన్ ఉంది. క్యూరింగ్‌కు తెచ్చిన సరుగుడు, తుమ్మ కట్టెల్లో మిగిలినవి గోడవారనే పేర్చి ఉన్నాయి. వానలు మొదలైనప్పటి నుంచి రాత్రిళ్లు ఇంట్లో ఎర్ర తేళ్లు కనిపిస్తున్నాయి. మొన్న ఒకటి వంటగదిలో గ్యాస్ బండ కింద దొరికింది. ఇంట్లో నాలుగేళ్ల మనవరాలు ఉంది, టెన్షన్‌గా ఉంది సార్. పొలంలో కొట్టగా మిగిలిన పురుగుమందు ఇంటి చుట్టూ కొట్టొచ్చా? దూడను తేలు కుడితే ప్రమాదమా?
– ఒక రైతు, కొండపి మండలం, ప్రకాశం జిల్లా

జవాబు: ముందు పాప సంగతి. పెద్ద కొండీలతో నల్లగా ఉండే మండ్రగబ్బను చూసి అందరూ హడలిపోతారు గానీ, దాని విషం అంత ప్రాణాంతకం కాదు. సన్నటి కొండీలు, లావాటి తోక ఉన్న చిన్న ఎర్ర తేలే మన దేశంలో అన్నిటికన్నా ప్రమాదం. దాని విషం గుండె మీద, ఊపిరితిత్తుల మీద పనిచేస్తుంది. చిన్నపిల్లలకు ముప్పు మరీ ఎక్కువ.

పాపను ఎప్పుడైనా కుడితే వెంటనే 108కి ఫోన్ చేయండి. బండి ఆలస్యమయ్యేలా ఉంటే ఏ వాహనం దొరికితే అందులో ఆసుపత్రికి తీసుకెళ్లండి. కుట్టినచోట సబ్బుతో కడిగి చల్లటి గుడ్డ వేస్తే చాలు. తాడు కట్టడం, బ్లేడుతో కోయడం, కిరోసిన్ రాయడం వద్దు. మంత్రం వేయించాక వెళ్దాంలే అని ఆగొద్దు. వాంతులు, ఒళ్లంతా చెమట, నోటి వెంట చొంగ, చేతులూ కాళ్లూ చల్లబడటం, ఇవి విషం ఎక్కుతున్న గుర్తులు. ఒక్కోసారి విషం బాగా ఎక్కిన బిడ్డకు కుట్టినచోట నొప్పి పెద్దగా ఉండదు. పాప ఏడవడం లేదు కదా అని ఇంట్లో ఉంచుకోవద్దు.

దీనికి మంచి వైద్యం ఉంది. మహారాష్ట్రలోని మహాడ్‌లో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ 1980ల్లో ప్రాజోసిన్ అనే రక్తపోటు మాత్రతో ఎర్ర తేలు బాధితులను బతికించవచ్చని చూపించారు. అంతకుముందు విషం తీవ్రంగా ఎక్కినవాళ్లలో నూటికి సుమారు 30 మంది దాకా చనిపోయేవారు. ఆ మందు వచ్చాక ఆ సంఖ్య 4 లోపుకు పడిపోయింది. తేలు విషానికి విరుగుడు ఇంజెక్షన్ కూడా ఉంది. అయితే ఏదైనా డాక్టర్ చూసి ఇవ్వాల్సిందే, మాత్ర కొనుక్కొచ్చి మీరే వేయకండి.

ఇక పురుగుమందు. దయచేసి కొట్టకండి. అది పంటకు తయారైన మందు. పాప ఆడుకునే అరుగు మీద, కోళ్లు గింజలు ఏరుకునే చోట దాన్ని చల్లితే తేలు కన్నా పెద్ద ప్రమాదాన్ని ఇంట్లోకి తెచ్చుకున్నట్టే. పైగా పగలంతా తేలు పగుళ్లలో దాక్కుని ఉంటుంది, మందు దానికి సరిగా తగలదు.

మీ అసలు సమస్య ఆ కట్టెల పేర్పు. పాత సరుగుడు దుంగ ఒకటి తీసి, ఊడొస్తున్న బెరడును కర్రతో లేపి చూడండి. ఆ సందు తేలుకు చక్కగా సరిపోతుంది. దాని ఒళ్లు చదునుగా ఉంటుంది కాబట్టి వేలు పట్టని సందులోనూ దూరుతుంది. అక్కడే బొద్దింకలు, కీచురాళ్లు తిండిగా దొరుకుతాయి. తిండి లేకపోయినా నెలల తరబడి బతకగలదు. వాన నీళ్లు అడుగు వరసలోకి చేరగానే పొడి చోటు వెతుక్కుంటూ మీ గుమ్మం దాటి వస్తోంది.

కట్టెలను ఇంటికి కనీసం ముప్పై అడుగుల దూరం జరిపి, నేలకు తగలకుండా రాళ్ల మీద పేర్పించండి. ఈ పని పగలే చేయాలి. చేతులకు మందపాటి గ్లౌజులు, కాళ్లకు బూట్లు ఉండాలి. పై వరస నుంచి తీసుకుంటూ రావాలి, సందుల్లో చేయి పెట్టకూడదు. పాత గోనె సంచులు, టార్పాలిన్ పట్టాలు, విరిగిన రేకులు కూడా గోడవారన ఉంచొద్దు. బ్యారన్ పనికి వచ్చే కూలీలకు కూడా ఈ మాట చెప్పండి, ఆ కట్టెల్లో ముందుగా చేయి పెట్టేది వాళ్లే.

ఇంటి పునాది గోడకు బయటివైపు అడుగున్నర ఎత్తున నున్నటి సిమెంటు పూత వేయించండి, టైల్స్ అయితే మరీ మంచిది. నున్నటి గోడను తేలు ఎక్కలేదు. తలుపు కింద సందుకు రబ్బరు పట్టీ, తూములకు సన్న జాలీ పెట్టించండి. గ్యాస్ బండ వెనక, అలమర మూలల్లో బొద్దింకల జెల్ పాపకు అందకుండా పెడితే తేలుకు తిండి తగ్గుతుంది. వాకిట్లో తెల్ల లైటు బదులు పసుపు లైటు వేస్తే పురుగులు తక్కువగా చేరతాయి. పాప మంచాన్ని గోడకు దూరంగా జరిపి, దుప్పటి నేలకు వేలాడకుండా చూడండి. చెప్పులు, బట్టలు దులిపి వేసుకోవాలి.

నకిలీ నోట్లు చూసే అల్ట్రావయొలెట్ టార్చ్ ఒకటి కొనుక్కోండి. రాత్రి చీకట్లో దాన్ని గోడవారన వేస్తే తేలు ఆకుపచ్చ, నీలం కలిసిన రంగులో మెరుస్తూ స్పష్టంగా కనిపిస్తుంది. ఎక్కడి నుంచి వస్తున్నాయో తెలిస్తే ఆ పగులునే పూడ్చవచ్చు. దొరికినదాన్ని పొడవాటి పటకారుతో పట్టండి. వీపు మీద తెల్లటి పిల్లలున్న తల్లి తేలు కనబడితే చెప్పుతో కొట్టొద్దు, పిల్లలు చెల్లాచెదురవుతాయి. సీసా గానీ డబ్బా గానీ బోర్లించి, కింద అట్ట దూర్చి తీసేయండి.

గేదెల్లాంటి పెద్ద పశువులకు తేలు కాటు నొప్పి, వాపుతో సరిపోతుంది, ప్రాణం మీదికి రావడం అరుదు. లేత దూడ చొంగ కార్చినా, ఆయాసపడినా 1962కు ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలిపించండి. కొట్టంలో దూడను కట్టే చోట రాళ్లు, కట్టెలు లేకుండా చూసుకోండి.