పగలు బండి లైటు దండగ అనుకునేవాణ్ణి

ప్రశ్న: కొత్త బైకులకు పగలు కూడా హెడ్‌లైట్ వెలుగుతూనే ఉంటుంది కదా, దానివల్ల ప్రమాదాలు నిజంగా తగ్గుతాయా?

తగ్గుతాయి. కళ్లారా చూశాను.

యాసంగి కోతలప్పుడు కోదాడ నుంచి మిర్యాలగూడ పోతున్నాం. మిట్టమధ్యాహ్నం. హుజూర్‌నగర్ దాటాక ముందొక గడ్డి ట్రాక్టర్, సగం రోడ్డు దానిదే. పావుగంట దాని వెనకే పాకి పాకి విసుగొచ్చి కారు కుడికి తీశాను. ఎదురుగా ఖాళీ. అంటే, నాకు అలా కనిపించింది. కొంచెం ముందు రెండు పక్కలా చింతచెట్లు, కింద చిక్కటి నీడ. మండే ఎండలోంచి చూస్తే ఆ నీడలో ఏముందో కంటికి ఆనదు. నేను తొక్కేస్తున్నాను. పక్క సీట్లోంచి మా బామ్మర్ది "బావా, లైటు!" అని అరిచాడు. నీడలో చిన్న పసుపు చుక్క. బ్రేకేసి మళ్లీ గడ్డి వెనక్కి దూరాను. అంతలోనే స్కూటీ మమ్మల్ని దాటిపోయింది. బూడిద రంగు బండి, నల్ల చొక్కా, వెనక ఒకావిడ, మధ్యలో పిల్ల. ఆ చుక్క తప్ప ఇంకేదీ నాకు కనపడలేదు. మిర్యాలగూడ దాకా ఇద్దరం మాట్లాడుకోలేదు.

సిగ్గుచేటు సంగతేంటంటే, నా సొంత బైకు లైటు ఆర్పడానికి మెకానిక్ చేత విడిగా స్విచ్ పెట్టించుకున్నవాణ్ణి నేను! 2017 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకు కంపెనీవాళ్లు ఆ స్విచ్చే ఇవ్వరు కదా. బ్యాటరీ అయిపోతుందని నా భయం, పైగా ఎదురొచ్చే ప్రతివాడూ వేళ్లు మూసి తెరిచి "లైటు వెలుగుతోంది" అని సైగ చేయడం. ఇంజిన్ తిరుగుతుంటే బ్యాటరీ ఛార్జ్ అవుతూనే ఉంటుందని తర్వాత ఆ మెకానికే చెప్పాడు. ముందే చెప్పొచ్చుగా! పీకించేశాను.

స్వీడన్‌లో 1977 నుంచే కార్లకు కూడా పగలు లైట్లు తప్పనిసరి. అక్కడ చలికాలమంతా మసక వెలుతురు, మన ఎండలకు ఎందుకని వాదిస్తారు కొందరు. వాళ్లు చింతచెట్ల నీడను లెక్కలోకి తీసుకోలేదు.

కాకపోతే డిమ్‌లో ఉంచండి మహాప్రభో. తెల్ల ఎల్‌ఈడీలు అదనంగా బిగించుకుని పట్టపగలు హైబీమ్ కొట్టేవాళ్లు తయారయ్యారు. బండి వస్తోందని తెలుస్తుంది, ఎంత దూరంలో ఉందో తెలిసి చావదు. ఇక ఆ గడ్డి ట్రాక్టర్లు చీకటి పడ్డాక వెనక ఒక్క రిఫ్లెక్టర్ ముక్క కూడా లేకుండా తిరుగుతాయి. బైకుకు పగలు లైటెందుకని ఇన్ని ప్రశ్నలు వేస్తారు, ట్రాక్టరుకు రాత్రి లైటు ఎందుకు లేదని ఒక్కరూ అడగరేం?