తాతగారి రబ్బరు కేప్

ప్రశ్న: రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసిన మా తాతగారి ట్రంకుపెట్టెలో ఖాకీ రబ్బరు కేప్ (భుజాల మీంచి కప్పుకునే చేతుల్లేని పైవస్త్రం), ఉన్ని కోటు దొరికాయి. అవి ఆ కాలానివేనా? ఎలా దాచాలి?
– ఓ పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: కాలర్ లోపల, అంచుల వెంట సిరా ముద్ర కోసం చూడండమ్మా. బాణం గుర్తు బ్రిటిష్ సర్కారు సరుకుది. దాని కింద ‘ఐ’ ఉంటే మన దేశపు తయారీ, ‘సి’ లోపల బాణం ఉంటే కెనడాది. ముద్ర మసకబారిందని ఉతక్కండి, ఉన్నదీ పోతుంది. టార్చి పక్కవాటుగా వేసి ఫొటో తీస్తే అక్షరాలు తేలతాయి.

కోటు బొత్తాల మీద కిరీటం ఉంటే దాని పైకమానులు చూడండి. ఆ యుద్ధకాలపువి పైకి గుండ్రంగా ఉంటాయి. నడుమ నొక్కుకుపోతే అప్పటివి కావు. అయితే బొత్తాలు మార్చడం తేలిక కాబట్టి ముద్రకే ఎక్కువ విలువివ్వాలి.

కేప్‌ను మడవకండి, మడత దగ్గరే రబ్బరు పగులుతుంది. పాత తెల్ల నూలు చీర పరిచి, దాంతోపాటు వదులుగా చుట్టండి. మన ఉక్కపోతకు రబ్బరు జిగురుగా మారి పొరలు అంటుకుంటాయి, ఆ గుడ్డ ఉన్నది అందుకే. ప్లాస్టిక్ సంచి, ఎండ, ఇస్త్రీ వద్దు. కిరోసిన్‌తో తుడిస్తే రబ్బరు ఉబ్బి పాడవుతుంది. రాగి, ఇత్తడి వస్తువులు తగలనీయకండి. కోటుకు చిమ్మట భయం, విడిగా నూలు సంచిలో కట్టండి.